నూకరాజు షుగరు

మా ఆఫీసులో మగవాళ్ళకి జబ్బులు రావు. గ్యాస్ వస్తుంది.

గుండెల్లో పట్టేసినట్టుంటే గ్యాస్. కళ్ళు తిరిగితే గ్యాస్. మెట్లెక్కి ఆయాసపడితే ముందు మెట్లు కట్టినవాణ్ణి తిడతారు, ఆ తరవాత గ్యాస్ అంటారు. మాది తూనికలు కొలతల శాఖ. బజార్లో ఎవడి కాటా మొగ్గుతోందో, ఎవడి తూకపురాయి అరిగిందో రోడ్డు అవతల నించే పట్టేస్తారు మావాళ్ళు. ఏటేటా కాటా పట్టుకొచ్చి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోని షాపువాడి మీద కేసు రాస్తారు. "రోజూ వాడే వస్తువు అరక్కుండా ఉంటుందయ్యా? ఏడాదికోసారి చూపించుకోవద్దూ?" అని చీవాట్లు కూడా పెడతారు. పెట్టి వచ్చి, కుర్చీలో కూలబడి, సోడా తెమ్మంటారు.

నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు హైమవతి. ఉన్న ఒక్క ఆడమనిషినీ నేనే కాబట్టి ఈ కథలో చాలాభాగం నాకు సంబంధం లేకుండానే జరిగిపోవలసింది. అలా జరగలేదు.

ఆ ఏడు రాజధానిలో మా హెడ్డాఫీసు పెద్దాయనొకరు "ఏం లేదు, గ్యాసే" అంటూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారు. మళ్ళీ లేవలేదు. సంతాప సభ అయిన మర్నాడు అన్ని జిల్లాలకీ సర్క్యులరు వచ్చింది. దాన్ని హాల్లో నిలబడి నేనే చదివాను.

"తూనిక యంత్రములకు వలెనే పురుషోద్యోగులకును సాంవత్సరిక పరీక్ష అవశ్యమని భావించడమైనది. కావున ప్రతి కార్యాలయమందలి పురుషోద్యోగులు వైద్యపరీక్షకు లోనై ఆరోగ్య ముద్ర పొందవలెను. ముద్ర పొందని ఉద్యోగిని వాడుకలో ఉంచరాదు."

పిడుగు పడ్డ చోట కూడా కాసేపటికి పిట్టలు అరుస్తాయి. మా హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ముందుగా తేరుకున్నది ఇన్‌స్పెక్టర్ సన్యాసిరావు గారు.

"మా తాత తొంభై ఏళ్ళు బతికాడండి. ఒక్కసారి డాక్టరు మొహం చూస్తే ఒట్టు" అన్నారు.

"మరి మీ నాన్నగారో?" అన్నాను.

"ఆయన యాభైకే పోయారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు కదండీ మరి!"

అందరూ తలలూపారు. అందరికన్నా ఎక్కువ ఊపినవారు మా సూపరింటెండెంటు భీమశంకరం గారు. మహా నెమ్మదస్తుడు. ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరగరు. కిందటి ముద్రల రోజున ఇనప తూకపురాయి ఒకటి జారి ఆయన కాలి బొటనవేలి మీద పడింది. అదేం పెద్ద దెబ్బ కాదు. కానీ ఉగాది వెళ్ళింది, ఆడిట్ వెళ్ళింది, మూఢం వెళ్ళింది, ఆ దెబ్బ మాత్రం వెళ్ళలేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి కట్టూ, హవాయి చెప్పూ వేసుకుని వచ్చేవారు. కుర్చీ పక్కనే మంచినీళ్ళ కూజా ఉండేది. గంట గడిస్తే కూజా ఖాళీ. కూజాకీ బాత్రూముకీ మధ్య ఆయన కుంటుకుంటూ తిరుగుతూ ఉంటే, చూసి చూసి మాకందరికీ అలవాటైపోయింది.

"ఒకసారి చూపించుకోండి సార్" అంటే, "చూపించుకోవాలమ్మా. ఈ ఆషాఢం పోనీ" అనేవారు.

సర్క్యులరు వచ్చిన మర్నాడు డిప్యూటీ కంట్రోలరు త్రివిక్రమరావు గారు మీటింగు పెట్టారు. ఈయన మా ఆఫీసుకి అధిపతి. చట్టం మొత్తం కంఠతా వచ్చు. ఇంట్లో భార్యని కాఫీ అడిగినా సెక్షన్ చెప్పి అడుగుతారని ప్రతీతి.

"మిత్రులారా, ఆందోళన వలదు" అని మొదలుపెట్టారు. "మన చట్టం ఏమంటోంది? లారీడు బిస్కెట్ ప్యాకెట్లు వచ్చాయనుకోండి. ప్రతి ప్యాకెట్టూ తూస్తామా?"

"తుయ్యం సార్."

"మరేం చేస్తాం?"

"లాటులోంచి నమూనా తీస్తాం సార్."

"నమూనా సరిగ్గా ఉంటే?"

"లాటంతా పాసు సార్" అని, అన్నాక తనేమన్నారో అర్థమై సన్యాసిరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన మొహం పొద్దుతిరుగుడు పువ్వులా విప్పారింది.

"కూర్చోండి. సర్క్యులరులో 'పురుషోద్యోగులు వైద్యపరీక్షకు లోనై' అనే ఉన్నది. విడివిడిగా అన్న మాట లేదు. కాబట్టి ఈ కార్యాలయపు పురుషులను ఒక లాటుగా పరిగణించి, ఒక నమూనాను పరీక్షకు పంపుచున్నాము."

నా నోరు ఊరుకోలేదు. "సార్, బిస్కెట్లంటే ఒకే పిండితో చేసినవి కదండీ. వీళ్ళంతా..."

"హైమవతి గారూ," అన్నారాయన ఎంతో ఓర్పుగా, "ఒకే ఆఫీసు. ఒకే జీతాల బిల్లు. ఒకే క్యాంటీన్ టీ. ఇంతకన్నా ఏకరూపమైన లాటు ఈ జిల్లాలో మరొకటి ఉంటే చూపించండి."

నేను చూపించలేకపోయాను.

నమూనాగా రికార్డు అసిస్టెంటు నూకరాజుని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. ఇరవై కిలోల తూకపుగుళ్ళు చేతికొకటి పట్టుకుని మెట్లెక్కుతూ కూనిరాగం తీస్తాడు. అతనికి విషయం చెబితే కంగారుపడ్డాడు.

"అందరి రగతమూ నా ఒక్కడి కాడే తీసేత్తారేటండి బాబూ?"

"కాదయ్యా, ఒక్క సూదిమందు సీసాడు. ఆఫీసు జీపు ఇస్తున్నాం."

జీపు మాట వినగానే ధైర్యం వచ్చింది. నూకరాజు ముందు సీట్లో కూర్చుని, బజారు నడిబొడ్డు నించి పెద్దాసుపత్రికి వెళ్ళి, మా లాటు మొత్తం తరపున రక్తం ఇచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం మగవాళ్ళంతా చందాలు వేసుకుని జిలేబీ తెప్పించుకున్నారు. నమూనాకి రెండు ప్లేట్లు పెట్టారు.

రిపోర్టు ఆసుపత్రి నించి తిన్నగా హెడ్డాఫీసుకి వెళ్ళింది. గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. షుగరు మాత్రం ఉండవలసినదానికి రెట్టింపు ఉంది.

నూకరాజు పాపం ఏడ్చినంత పని చేశాడు. కానీ అతనికి డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది కాబట్టి, ఆవిడ చెప్పినట్టు మాత్రలు మొదలుపెట్టాడు. క్యారేజీలో రెండు గిన్నెలు తగ్గించాడు. జీపు ఇస్తామన్నా సైకిలు మీదే తిరిగాడు. ఆ రిపోర్టు ప్రకారం నడుచుకున్న మనిషి మా ఆఫీసులో అతనొక్కడే.

హెడ్డాఫీసు మాత్రం లాటుని వదల్లేదు.

"సదరు నమూనా మధుమేహ దూషితమని తేలినందున సదరు లాటు యావత్తు తిరస్కరించడమైనది. తిరస్కృత సరుకును బజారునకు విడుదల చేయరాదను నిబంధన మీకు తెలియనిది కాదు. పురుషోద్యోగులందరూ వైద్యుని సంప్రదించి మందు వాడవలెను. ప్రతి ఉదయము కార్యాలయ ప్రాంగణమున నడవవలెను. తేనీటియందు చక్కెర నిషిద్ధము."

దాంతో ఇన్‌స్పెక్టర్లు బజారుకి వెళ్ళడం ఆగిపోయింది. బజారుకి పండగ వచ్చింది. కిలో వంకాయలు సంచిలో పడి ఇంటికి చేరేసరికి ముప్పావు కిలో అయ్యేవి. ఎప్పుడూ మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునే కిరాణా కొట్ల వాళ్ళు ఆఫీసు గేటు దాకా వచ్చి "సార్ల ఆరోగ్యం ఎలా ఉందండీ? తొందరేం లేదు, బాగా విశ్రాంతి తీసుకోమనండి" అని అడిగి వెళ్ళేవారు.

మగవాళ్ళు చక్కెర లేని టీ తాగారు. పొద్దున్నే డిప్యూటీ కంట్రోలరు గారు ముందు, మిగతావాళ్ళు వెనక, గోడ పక్కన పరీక్ష గుళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేశారు. ఇవన్నీ చేశారు గానీ డాక్టరు దగ్గరికి మాత్రం ఒక్కరూ వెళ్ళలేదు. వెళ్ళడానికి వాళ్ళకి జబ్బు లేదు కదా. ఉన్నది నూకరాజుకి.

భీమశంకరం గారు ఆ నడకలో అందరికన్నా వెనక ఉండేవారు. ఒక రౌండు తిరిగి గుండు మీద కూర్చుండిపోయేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య విశాలాక్షి గారు మా ఇంటికొచ్చారు. సెలవు రోజు. చేతిలో సంచీ ఉంది గానీ అందులో ఏమీ లేదు. బజారుకని చెప్పి బయల్దేరారట.

"హైమా, ఆయన కాలు చూశావా నువ్వు?"

"కట్టు చూశానండీ."

"నేనూ అంతే. కట్టు విప్పనివ్వడు. తలుపేసుకుని తనే కట్టుకుంటాడు. గదిలో ఒకటే వాసన. బియ్యం బస్తా వెనక ఎలక చచ్చిందంటాడు. బస్తా జరిపి చూశాను, ఎలకా లేదు, గిలకా లేదు." ఆవిడ గొంతు తగ్గించారు. "ఆయన చెప్పు విప్పిన చోట చీమలు పడుతున్నాయమ్మా."

నేను కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

"మీ ఆఫీసు రిపోర్టులో షుగరని వచ్చిందిగా, మందు తెచ్చుకోండి అన్నాను. 'అది నూకరాజు షుగరే, నాది కాదు' అంటాడు. నూకరాజు షుగరుకి మా ఇంట్లో చీమలెందుకు పడతాయి హైమా?"

ఈ ప్రశ్నకి మా చట్టంలో జవాబు లేదు. ఆవిడ ఖాళీ సంచీ మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి వెళ్ళిపోయారు.

సోమవారం త్రివిక్రమరావు గారు మళ్ళీ మీటింగు పెట్టారు. తిరస్కరించిన లాటుకి రెండో నమూనా తీసి పునఃపరీక్ష కోరే హక్కు చట్టంలో ఉంది. ఈసారి నమూనా ఎవరన్నది సమస్య.

"నేను పొట్టివాణ్ణండి, నమూనాకి పనికిరాను" అన్నారు సన్యాసిరావు గారు.

క్యాషియరు గారు తనకి వచ్చే నెలలో గృహప్రవేశం ఉందన్నారు. రక్తానికీ గృహప్రవేశానికీ ఏమిటని ఎవరూ అడగలేదు. అందరూ డిప్యూటీ కంట్రోలరు గారి వైపు చూశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మిగతావాటిని సరిచూసే ప్రమాణాన్ని నమూనాగా తియ్యరాదు" అన్నారు.

ఆ తరవాత ఆయన చూపు నెమ్మదిగా తిరిగి నా మీద వచ్చి ఆగింది.

"లాటు పురుషులదే. కానీ నమూనా ఎవరిదై ఉండాలన్న విషయంలో సర్క్యులరు మౌనంగా ఉన్నది. హైమవతి గారు కూడా అదే టీ తాగుతున్నారు."

ఇంకో రోజైతే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు నా బుర్రలో చీమలు తిరుగుతున్నాయి.

"సరే సార్. కానీ పద్ధతి ప్రకారం జరగాలి" అన్నాను. "నమూనా తీసేటప్పుడు బాధ్యతగల అధికారి సాక్షిగా ఉండాలి కదండీ. కిందటిసారి నూకరాజు ఒక్కడే వెళ్ళాడు."

త్రివిక్రమరావు గారి మొహం పాలిపోయింది. షుగరని చెప్పినప్పుడు కూడా ఆయన అంత భయపడలేదు. "నిజమే. పెద్ద లోపం. సాక్షిగా ఎవరిని పంపాలి?"

"హోదాని బట్టి సూపరింటెండెంటు గారే ఉండాలి సార్."

భీమశంకరం గారు వెంటనే ఒప్పుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం వేరు, ఆసుపత్రి మీదికి అధికారిగా వెళ్ళడం వేరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, లక్కా కొవ్వొత్తీ ఇత్తడి సీలూ పట్టుకుని జీపెక్కారు. దారిలో నాకు ధైర్యం కూడా చెప్పారు. "భయపడకండమ్మా. చీమ కుట్టినట్టుంటుందంతే."

పెద్దాసుపత్రిలో డాక్టర్ సువార్త గారు నా చేతిలోంచి రక్తం తీశారు. భీమశంకరం గారు పక్కనే నిలబడి, సీసా మీద లక్క కరిగించి ముద్ర వెయ్యాలని పట్టుబట్టారు. ఆవిడ నవ్వుతూనే వెయ్యనిచ్చారు. ముద్ర వేస్తున్న మనిషి దగ్గరగా వంగేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయింది. కిందికి చూశారు.

"మీ కాలికేమైంది?"

"నాకా? నేను పేషెంటుని కానండీ. సాక్షిని."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. ఆవిడకి అర్థమైంది.

"అలాగా! అయితే సాక్షిగారి వేలిముద్ర కావాలి మాకు."

"సంతకం పెడతానండీ. చదువుకున్నవాణ్ణే."

"మా శాఖలో సంతకం చెల్లదండీ. వేలే."

మా శాఖ మనిషిని ఒప్పించాలంటే ఇంకో శాఖ రూలు చెప్పాలి. అంతకన్నా దగ్గర దారి లేదు. భీమశంకరం గారు మారు మాట్లాడకుండా వేలు చాపారు. సిస్టర్ సూదితో గుచ్చి, నెత్తుటి చుక్కని చిన్న మిషనుకి అంటించింది.

ఆయన మిషను మీదికి వంగి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివారు. "హాయ్ అంటోందేమిటండీ? పలకరింపా?"

"కాదు బాబూ" అంది సిస్టర్. "అది హై. షుగరెంతుందో చూపించడానికి దాని దగ్గర అంకెలు చాల్లేదు."

ఆయన్ని కూర్చోబెట్టారు. సిస్టర్ కట్టు విప్పుతుంటే నేను బయటికి వెళ్ళిపోదామనుకున్నాను గానీ, ఆయన నా కొంగు చివర పట్టుకున్నారు. పట్టుకున్నట్టు ఆయనకి తెలుసో లేదో. కట్టు వరస వరసగా ఊడింది. బొటనవేలు నల్లగా ఉంది. ఆ నలుపు పాదం వైపు ఎక్కుతోంది. భీమశంకరం గారు కాలి వైపు చూడలేదు. పైన తిరుగుతున్న ఫ్యాను వైపే చూస్తూ ఉండిపోయారు.

చివరికి అన్నారు, "అమ్మా హైమవతీ, ఆఫీసుకి ఫోను చేసి, మధ్యాహ్నం నించి నేను సెలవని చెప్పండమ్మా."

వేలు తీసేశారు. పాదం దక్కింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదని డాక్టరు గారు విశాలాక్షి గారికి చెప్పారు. ఆవిడ ఆ మాట విని కొంగు నోట్లో కుక్కుకున్నారు. తరవాత లోపలికి వెళ్ళి, భర్తని వార్డంతా వినేలా తిట్టారు. తిడుతూనే అన్నం కలిపి పెట్టారు.

నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన తేటగా ఉన్నారు. మొహంలో కళ కూడా వచ్చింది.

"ఎందుకు సార్ ఇన్నాళ్ళు ఆగారు?" అన్నాను.

చాలాసేపు దుప్పటి అంచు సర్దుకున్నారు. "వెళ్ళనంతసేపూ నాకేం లేదు కదమ్మా. వెళ్తే ఉంటుంది. లోలోపల తెలుసు. తెలిసే వెళ్ళలేదు. భయం." ఆ మాట అన్నాక, ఏదో బరువు దించుకున్నట్టు దిండుకి ఆనుకున్నారు.

మా ఆఫీసు వాళ్ళు కూడా ఆయన్ని పరామర్శించారు. ఆసుపత్రి గేటు బయట, రోడ్డుకి అవతల నిలబడి, మేడ మీద కిటికీకేసి చేతులూపారు. లోపలికి నూకరాజు ఒక్కడే వెళ్ళాడు. అతనికి అక్కడ అందరూ తెలుసు.

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నించి నా రక్తం మీద తీర్పు వచ్చింది. ఆడమనిషి రక్తం కాబట్టి ఆసుపత్రి వాళ్ళు అలవాటు కొద్దీ ఒక పరీక్ష ఎక్కువ చేశారు.

"రెండవ నమూనా సంతృప్తికరముగా నున్నందున సదరు లాటును ఆమోదించడమైనది. కార్యాలయమందలి పురుషోద్యోగులలో ఎవరును గర్భము ధరించి యుండలేదని గమనించి హర్షించుచున్నాము."

మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండో పేరా చదివేసరికి ఆ చప్పట్లు ఆగిపోయాయి.

"శ్రీ భీమశంకరం కోరిన సెలవు మంజూరు చేయుటకు వీలులేదు. నమూనా తీసిన దినమున ఆయన చేరియున్న లాటు సంపూర్ణారోగ్యముతో నున్నట్లు ఋజువైనది. అదే దినమున అదే ఆసుపత్రియందు ఆయనకు వ్యాధి యున్నదనుట సాంకేతికముగా అసాధ్యము. వెంటనే విధులలో చేరని యెడల గైర్హాజరుగా పరిగణించి చర్య తీసుకొనబడును."

అందరం త్రివిక్రమరావు గారి గదిలో చేరాం. దారి ఒక్కటే ఉంది. నమూనా తప్పు, లాటు ఒకే రకం కాదు అని రాస్తే భీమశంకరం గారి సెలవు నిలబడుతుంది. కానీ అలా రాస్తే ఒక్కొక్కళ్ళూ విడివిడిగా వెళ్ళి చూపించుకోవాలి.

"శంకరం గారు మాకు అన్నగారితో సమానమండి" అన్నారు సన్యాసిరావు గారు. "కానీ..."

"ఆ కానీ ఏమిటో చెప్పండి" అన్నాను.

"వేలు ఎలాగూ పోయింది కదండీ..."

గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివరికి డిప్యూటీ కంట్రోలరు గారు గొంతు సవరించుకున్నారు. "మూడో మార్గమున్నది. నమూనా తీసిన పిమ్మట, తలుపు దాటు లోపల వ్యాధి సంక్రమించినదని డాక్టరు ధ్రువీకరిస్తే సరి." ఆ కాగితం తేవడానికి ఆయనే బయల్దేరారు. ఆసుపత్రి దారులు తెలిసినదాన్నని నన్ను వెంటబెట్టుకున్నారు.

డాక్టర్ సువార్త గారు అంతా విన్నారు. నవ్వలేదు. "అలాంటి కాగితం నేను రాయలేను గానీ, మీకు చెమటలు పడుతున్నాయి. ముందు కూర్చోండి. చెయ్యి చాపండి."

ఆవిడ గొంతులో ఏముందో, అంతటి మనిషీ కూర్చున్నారు. చేతికి పట్టీ చుట్టి బీపీ మిషను బటను నొక్కారావిడ. మిషను బుసకొట్టింది. అంకెలు ఎక్కుతున్నాయి. ఆ అంకెల కేసి చూడలేక త్రివిక్రమరావు గారి కళ్ళు మిషను చుట్టూ తిరిగాయి. హఠాత్తుగా వెలిగాయి.

"ఆగండి! దీని ముద్ర ఏది?"

"ఏం ముద్రండీ?"

"రక్తపోటును కొలిచే యంత్రము కూడా కొలత సాధనమే. మా చట్టం కిందికే వస్తుంది. ముద్ర లేని సాధనమును వాడుట నేరము!" పట్టీని తన చేత్తోనే ఊడదీసుకున్నారు. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన అంత సంతోషంగా ఉండగా చూడలేదు. అక్కడికక్కడే మిషనుని జప్తు చేశారు.

డాక్టరు గారు దాన్ని తనే అట్టపెట్టెలో సర్ది నా చేతికిచ్చారు. "తీసుకెళ్ళండమ్మా. పరీక్షించే పంపండి. బటను నొక్కితే చాలు" అన్నారు.

జప్తు చేసిన సాధనాన్ని పరీక్షించి, ఎంత దోషముందో రాయాలి. ఇది రూలు. కాటానైతే గుళ్ళతో పరీక్షిస్తారు. బీపీ మిషనుని పరీక్షించాలంటే చేతులు కావాలి. మావాళ్ళకి ఇందులో అభ్యంతరమేమీ కనపడలేదు. పరీక్ష మిషనుకి గాని మనుషులకి కాదు కదా. అందరూ ఉత్సాహంగా చొక్కా చేతులు మడిచి వరస కట్టారు.

మొదట సన్యాసిరావు గారు. మిషను చూపించిన అంకె చూసి, "బాగా ఎక్కువ చూపిస్తోంది సార్" అన్నారు. నేను "దోషం" అని రాశాను. తరవాత క్యాషియరు గారు. ఇంకా ఎక్కువ. "దోషం." ఆ తరవాత నూకరాజు చెయ్యి పెట్టాడు. మామూలుగా చూపించింది. నేను పెట్టాను. మామూలే.

"మిషనుకి పక్షపాతముందండి!" అన్నారు సన్యాసిరావు గారు.

"మళ్ళీ పెట్టండి" అన్నారు త్రివిక్రమరావు గారు.

మావాళ్ళకి పని రాదని నేనెప్పుడూ అనను. కాటా మీద ఒకే రాయిని మళ్ళీ మళ్ళీ పెట్టినప్పుడు, అది ప్రతిసారీ అంతే చూపిస్తే దోషం కాటాది కాదు. ఇది మాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నేర్పుతారు. సన్యాసిరావు గారు మళ్ళీ పెట్టారు. అంతే. కాస్సేపు కూర్చుని, ఊపిరి పీల్చుకుని మరోసారి పెట్టారు. అంతే. క్యాషియరు గారిదీ అంతే. సన్యాసిరావు గారు మడిచిన చొక్కా చెయ్యి దించుకోవడం మరిచిపోయి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

ఆఖరున డిప్యూటీ కంట్రోలరు గారు కూర్చున్నారు. పట్టీ నేనే చుట్టాను. అంకెలు ఎక్కాయి, ఎక్కుతూనే ఉన్నాయి. ఆగిన చోట ఎవరూ పైకి చదవలేదు. ఆయనే రెండోసారి బటను నొక్కారు. మూడోసారి కూడా నొక్కారు.

"సాధనంలో దోషం లేదు" అన్నారు చివరికి. "ముద్ర వెయ్యండి."

నూకరాజు ముద్ర వేశాడు. త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"హెడ్డాఫీసుకి రాయండి హైమవతి గారూ. ఈ కార్యాలయమందలి పురుషులు ఒకే లాటుకు చెందినవారు కారు. శ్రీ భీమశంకరం గారి కాలు..." ఆగారు. మామూలుగా అయితే ఇక్కడ సెక్షన్ నంబరు రావాలి. "ఆయన కాలు ఆయనదే. సెలవు ఇవ్వవలసింది. అంతే రాయండి."

రాశాను. ఆయన సంతకం పెట్టి, అట్టపెట్టె దగ్గరికి లాక్కున్నారు.

"మిషను వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి కదూ?"

"నూకరాజు పట్టుకెళ్తాడు సార్."

"వద్దులెండి. నేనే వెళ్తాను." చొక్కా బొత్తాం పెట్టుకుంటూ ఉన్నారు గానీ అది కన్నంలోకి దూరడం లేదు. "ఆ డాక్టరు గారు సాయంత్రం ఎప్పటిదాకా ఉంటారు?"

"చీకటి పడేదాకా ఉంటారు సార్."

నేను పెట్టె పట్టుకుని ఆయన వెనకాలే మెట్లు దిగాను. జీపు వెనక సీట్లో సన్యాసిరావు గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. పక్కన క్యాషియరు గారు ఇరుక్కుని ఉన్నారు. డిప్యూటీ కంట్రోలరు గారు వాళ్ళకేసి చూశారు.

సన్యాసిరావు గారు నా చేతిలోంచి పెట్టె అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"దారంతా గోతులండి" అన్నారు. "మిషనుని ఎవరో ఒకరు పట్టుకోవాలి కదండీ."